పసుపు కోటు కొలతలు

ఏప్రిల్ 14, మంగళవారం

కొలతల పుస్తకంలో వెనకవైపు నుంచి రాస్తున్నాను. ముందువైపు ఈ ఏడాది పదకొండు పేజీలే నిండాయి. మామూలుగా అయితే ఈపాటికి రెండో పుస్తకం మొదలుపెట్టేదాన్ని. బడి యూనిఫాంలు లేవు, పెళ్ళి బట్టలు లేవు. ప్యాంటు అంచు మడవండి, జిప్పు మార్చండి, ఇంతే. ఎవరింట్లో వాళ్ళు చేసుకోగల పని నా దగ్గరికి తెస్తున్నారు, జాలిపడి. ఆ జాలి చూస్తే ఒళ్ళు మండుతోంది.

ఖాళీ కాగితాలు చూస్తూ కూర్చోవడం కంటే నింపడం నయం. ఇది ఎవరూ చూడరు. మా ఆయన ఈ పుస్తకం జోలికి రాడు, అమ్మాయికి తీరిక లేదు.

ఇవాళ పార్కు గేటు దగ్గర నోటీసు పెట్టారు. వేసవి సంబరాలు, మే నెలలో ఐదు ఆదివారాలు. వాలంటీర్లు కావలెను. మంచినీళ్ళు అందించడం, పార్కింగు, తప్పిపోయిన పిల్లల్ని చూసుకోవడం, చెత్త ఏరడం, పెద్దవాళ్ళని కుర్చీల దాకా చేర్చడం. కింద ప్యాడమ్మ సంతకం. సంతకం కూడా మనిషిలాగే ఉంది, మెడ నిక్కించుకుని.

ప్యాడమ్మ అనే పేరు పెట్టిందే నేను, నవ్వులాటకి. క్లిప్పున్న రాత ప్యాడుని చంటిపిల్లలా గుండెకి ఆనించుకుని తిరుగుతుంది. వాలంటీర్ల పెద్ద కదా, ఎవరెక్కడ నిలబడాలో అందులోనే రాసుకుంటుంది. ఇప్పుడు ఊరంతా ఆ పేరే. నేను మాత్రం ఎదురుగా ఉంటే ‘వదినా’ అనేదాన్ని. పద్దెనిమిదేళ్ళు అలాగే పిలిచాను. ఇప్పుడు ఏమీ పిలవను.

ఏప్రిల్ 16

ఒక్కసారి రాసేసి వదిలేస్తాను, మళ్ళీ ఆ ఊసెత్తను.

పార్కు మైదానంలో ముసలివాళ్ళ కుర్చీల మీద నీడకి ఆకుపచ్చ గుడ్డ కడతారు. ప్రతి ఏడూ దాన్ని కుట్టేది నేనే, వాలంటీరుగా. నలభై గజాల గుడ్డ, పొడవునా అతుకులు. పోయినేడాది రెండో ఆదివారం కాస్త గాలి తోలింది. అతుకు ఒక కొస నుంచి విచ్చుకుంటూ పోయింది, గుడ్డతో పాటు ఇనప గొట్టం కూడా కుర్చీల మీద పడింది. రిటైరైన పోస్టుమాన్ ఉన్నాడు, మా వీధి చివర ఇల్లు, పోస్టు తాతగారు అంటాం. ఆయన కుడిచెయ్యి విరిగింది. కళ్ళద్దాలు ముక్కలయ్యాయి.

ప్యాడమ్మ మైకు అందుకుంది. “కుట్టు ఊడిపోయింది. అందరూ నెమ్మదిగా బయటికి రండి.”

కుట్టు ఊడిపోయింది. రెండు మాటలు. గాలి అనలేదు. తాడు అనలేదు. గొట్టం పాతినవాళ్ళ మాటే ఎత్తలేదు. రెండువేల మంది విన్నారు. మర్నాటి నుంచి నా గుమ్మం ఎక్కేవాళ్ళు లేరు.

ఆ తర్వాత నాలుగు రోజులకి వీధిలో ఎదురుపడితే నన్ను ‘మీరు’ అంది. “మీరు బాగున్నారా?” అని. పద్దెనిమిదేళ్ళు ఏమే, ఒసే అని పిలిచిన మనిషి!

ఆ గుడ్డ కుట్టింది మా అక్క ఆస్పత్రిలో ఉన్న వారం. సగం రోజు అక్కడ, సగం రోజు మిషను మీద. ప్యాడమ్మ ఫోన్ మీద ఫోను, గుడ్డ అయిందా, గుడ్డ అయిందా అని. అయినా కుట్టు సరిగ్గానే వేశాను. ముందు అతుకులు కదలకుండా చేత్తో కచ్చాకుట్టు, తెల్లదారంతో. తీసేసేటప్పుడు కంటికి ఆనాలని కచ్చాకుట్టు ఎప్పుడూ తెల్లదారంతోనే వేస్తాను. ఆ మీద మిషను కుట్టు, ఆకుపచ్చ దారంతో, రెండు వరసలు. నేను ఎప్పుడూ చేసే పద్ధతే.

ఏప్రిల్ 17

రెండు వరసలు. మిషను మీద.

ఏప్రిల్ 20

వాలంటీరు ఫారం నింపి ఇచ్చాను. మా ఆయన చూసి నోరెళ్ళబెట్టాడు. ఈయన ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు, ఏ విషయమైనా బస్సు దగ్గరికే తెస్తాడు.

“దిగిపోయిన బస్సు మళ్ళీ ఎందుకు ఎక్కుతున్నావే?”

“టిక్కెట్టు చింపిన మనిషిని చూద్దామని,” అన్నాను.

“చూసి?”

“చూస్తాను. తర్వాత సంగతి తర్వాత.”

లోపల ఉంటేనే ఏదైనా చేయగలను. ఏం చేస్తానో ఇంకా తెలియదు. ఆవిడ కూడా ఒక్కసారి అందరి ముందు తల దించుకోవాలి. మైకు ముందు. అంతకంటే నాకేమీ అక్కర్లేదు.

ఏప్రిల్ 25

‘మీకు వచ్చిన పని’ అన్నచోట పెద్ద అక్షరాలతో ‘కుట్టు’ అని రాశాను. నాకిచ్చిన పని ఏమిటో తెలుసా? పోయిన వస్తువుల బల్ల! మైదానం మూలన, మరుగుదొడ్ల పక్కన. పిల్లల టోపీలు, ఒంటి చెప్పులు, నీళ్ళ సీసాలు చూసుకుంటూ కూర్చోవాలట.

నీడకి ఈసారి ప్లాస్టిక్ పట్టా అద్దెకి తెస్తున్నారు. దాని కింద కూర్చున్నవాళ్ళు ఉడికిపోతారు. ఉడకనీ.

మే 3, ఆదివారం

మొదటి ఆదివారం. బ్యాండు బాగుంది. నాకు దొరికినవి ఆరు టోపీలు, ఒక గొడుగు, ఒక పళ్ళ సెట్టు. పళ్ళ సెట్టు కోసం ఎవరూ రాలేదు.

ప్యాడమ్మ మూడుసార్లు బల్ల ముందు నుంచి వెళ్ళింది. మూడోసారి ఆగి, “అంతా సవ్యంగా ఉందా అండీ?” అంది. నేను టోపీలు లెక్కపెడుతూ ఉండిపోయాను.

వేదిక ఎక్కినప్పుడల్లా చేతులు రెండూ పైకెత్తి ఊపుతుంది. జనం కూడా ఎత్తుతారు. చూస్తుంటే కడుపు మండిపోయింది.

మే 7

అమ్మాయి మందుల షాపు నుంచి తొందరగా వచ్చి, నా టేపు పట్టుకుని నా చుట్టూ తిరిగింది. కుట్టు నేర్చుకుంటుందట! ముప్పై ఏళ్ళు నిండాక బుద్ధి పుట్టింది. టేపుని తిరగేసి పట్టుకుంది, అంకెలు వీపువైపు పెట్టి. నాకు వచ్చిన నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మే 10, ఆదివారం

పోస్టు తాతగారు వచ్చాడు, కళ్ళద్దాలు పోయాయని. అవి ఆయన నెత్తి మీదే ఉన్నాయి. చెప్తే పగలబడి నవ్వాడు. మంచి మనిషి. నా పక్కన కుర్చీ లాక్కుని గంట కూర్చున్నాడు. కుడిచెయ్యి ఇప్పటికీ భుజం పైకి లేవదు. తల దువ్వుకోవాలంటే ఎడంచెయ్యేనట.

నేనే అడిగాను. “తాతగారూ, ఆ రోజు గుడ్డ మీ మీదే పడింది కదా. అతుకు ఎలా ఊడిందో చూశారా?”

“ఏం చూస్తానమ్మా! కింద పడ్డాను, మొహం మీద గుడ్డ. తెల్లగా దారం ఒకటి ముక్కు మీద వేలాడుతోంది. అదే గుర్తు.”

“తెల్లగానా? నాది ఆకుపచ్చ దారం.”

“తెల్లగానే ఉందమ్మా. లాగితే సర్రున వచ్చేసింది.”

పాపం, అద్దాలు పగిలాక ఆయనకేం కనపడుతుంది! ఎండ మొహాన కొడితే ఆకుపచ్చ కూడా తెల్లగానే కనపడుతుంది.

మే 11

ఆకుపచ్చ దారం రీలు వెతికాను. డబ్బాలో ఉంది. ముప్పాతిక వంతు మిగిలి ఉంది. అది పోయినేడాదిది కాదేమో. తర్వాత కొన్నదేమో.

మే 13

ఆ గుడ్డ చూస్తే అన్నీ తేలిపోతాయి. అతుకు దగ్గర నా రెండు వరసలు కనపడతాయి, గుడ్డే చిరిగిందని తెలుస్తుంది. తీసుకెళ్ళి వేదిక మీద పరుస్తాను, అందరూ చూస్తారు. అప్పుడు చేతులు ఎలా ఊపుతుందో చూస్తాను.

పార్కు ఆఫీసుకి వెళ్ళాను. ప్యాడమ్మ ఒక్కతే కూర్చుని జాబితాలు రాసుకుంటోంది. ఫ్యాను కింద కాగితాలు ఎగరకుండా రాళ్ళు పెట్టింది.

“పోయినేడాది నీడ గుడ్డ కావాలి.”

తల ఎత్తలేదు. “అది లేదండీ.”

“లేకపోవడమేమిటి?”

“పారేశాం.”

అబద్ధం. ఆవిడ వెనకాల ఇనప బీరువా పూర్తిగా మూసుకోలేదు, కింది అరలో ఆకుపచ్చ అంచు ఒకటి బయటికి వేలాడుతోంది. నేను చూడటం ఆవిడ చూసింది. లేచి వెళ్ళి ఆ అంచుని లోపలికి తోసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంది.

“ఇంకేమైనా పని ఉందా మీకు?” అంది.

వచ్చేశాను. నేను తప్పు చేయలేదని ఆవిడకి ముందే తెలుసు! తెలిసి, సాక్ష్యాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకుని, నా నోటి కాడ కూడు లాగేసి, ఫ్యాను కింద చల్లగా కూర్చుంది.

చూస్తాను. తాడో పేడో తేల్చుకుంటాను.

మే 15

నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. పసుపు కోటు గుడ్డ నా దగ్గరికే పంపారు!

ఆఖరి ఆదివారం ఒక వాలంటీరుకి పసుపు కోటు తొడుగుతారు. అంతకంటే పెద్ద గౌరవం ఈ ఊళ్ళో లేదు. ముందటేడు తొడుక్కున్నవాళ్ళు కొత్తవాళ్ళ పేరు చదువుతారు. కోటు తొడిగాక చేతులు రెండూ పైకెత్తాలి, మైదానమంతా చేతులెత్తి అరుస్తుంది. పోయినేడాది పోస్టు తాతగారికి వచ్చింది. పాపం, ఒక్క చేతికే తొడుక్కున్నాడట. నేను ఆ రోజు వెళ్ళలేదు.

అంతకుముందు కోట్లన్నీ కుట్టింది నేనే. ఎవరికో చెప్పరు. కవరులో కొలతలు పంపుతారు, అంకెలే, పేరుండదు. నాకు పేరెందుకు? అంకెలు చదివితే మనిషి కళ్ళముందు వచ్చి నిలబడతాడు. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఈ ఊళ్ళో ఎవరి నడుమెంతో, ఎవరి చెయ్యి ఎంత పొడుగో వాళ్ళ భార్యలకంటే నాకే బాగా తెలుసు.

ఈసారి అంకెలు అక్కర్లేదు, అందరూ ఎప్పట్నుంచో చెవులు కొరుక్కుంటూనే ఉన్నారు, ప్యాడమ్మకి వాలంటీరుగా ఇరవయ్యో ఏడు కదా, కోటు ఆవిడకేనని. అయినా చూశాను.

ఛాతీ నలభై. నడుము ముప్పై ఎనిమిది! ఆరేళ్ళ కిందట గౌను కుట్టినప్పుడు ముప్పై రెండు. ఫ్యాను కింద కూర్చుని కూర్చుని డ్రమ్ములా తయారైంది. చేతులు ఇరవై, కురచ. ముందు కంటే వీపు పొడవు అంగుళం ఎక్కువ, అంటే గూని పడుతోంది. కుడి భుజం అర అంగుళం కిందికి జారింది. ప్యాడు మోసి మోసి! పైనుంచి చూస్తే మెడ నిక్కించుకుని నడిచే మనిషి, టేపు పెడితే ఇదీ ఆకారం. టేపు అబద్ధం చెప్పదు.

మా ఆయనకి చదివి వినిపించాను. “ఈ షేపుకి కోటెందుకండీ, టార్పాలిన్ చాలు!” అన్నాను.

ఆయన నవ్వలేదు. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఈయనకి ఈ మధ్య హాస్యం కూడా అరగడం లేదు.

నా కుట్టు పనికిరాదని మైకులో చెప్పిన మనిషి, తన కోటు మాత్రం నాతో కుట్టించుకుంటుంది. కుడతాను. అద్భుతంగా కుడతాను.

మే 18

ఎలా చేయాలో తెలిసిపోయింది. రాత్రంతా ఆలోచించక్కర్లేకుండా, పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే తట్టింది.

కచ్చాకుట్టు. తెల్లదారంతో కాదు, కనపడిపోతుంది. పసుపు దారంతో. మిషను కుట్టు పొడవు ఆఖరి అంకెకి తిప్పి, దారం బిగువు వదిలేసి. కాలర్, బొత్తాలు, జేబులు అన్నీ పక్కాగా. వీపు మధ్య అతుకు, రెండు చంకలు మాత్రం కచ్చా. ఇస్త్రీ చేస్తే దర్జీ అయినా పోల్చుకోలేడు. చేతులు కిందికి ఉన్నంతసేపూ ఏమీ కాదు. పైకెత్తిందా, అయిపోయింది.

కుట్టు ఊడిపోయింది. అందరూ నెమ్మదిగా బయటికి రండి.

మే 21

కుడుతున్నంతసేపూ పాట పాడుకున్నాను. ఏడాదిలో ఇదే మొదటిసారి.

మే 22

అయింది. దిండుకి తొడిగి చూశాను. ఎంత అందంగా ఉందో! నా చేత్తో ఇంత మంచి కోటు ఎప్పుడూ కుట్టలేదు. వీపు దగ్గర పడిన తీరు, జారిన భుజానికి లోపల పెట్టిన చిన్న మెత్త, గూని తెలియకుండా దింపిన అతుకు. కొలతలు ఎంత వికారంగా ఉంటే కుట్టేవాళ్ళ పనితనం అంతగా కనపడుతుంది. ఆవిడకి ఇది దక్కడం నాకు నచ్చడం లేదు. అయినా అరనిమిషమే కదా.

అమ్మాయి తనే తీసుకెళ్ళి పార్కు ఆఫీసులో ఇస్తానంది. ఇచ్చేశాను.

మే 24, ఆదివారం

ఎండ మండిపోతోంది. ప్లాస్టిక్ పట్టా కింద ఇద్దరు ముసలివాళ్ళకి కళ్ళు తిరిగాయి. పోస్టు తాతగారు నా బల్ల దగ్గర చెట్టునీడకి వచ్చేశాడు. “నీ ఆకుపచ్చ గుడ్డ కింద చల్లగా ఉండేదమ్మా,” అన్నాడు. చెయ్యి విరిగిన మనిషి అన్న మాట ఇది. మొహం తిప్పుకుని నీళ్ళు తాగాను.

ఇంతలో ప్యాడమ్మ వచ్చింది. ఒక గ్లాసు చల్లటి నీళ్ళు ఆయనకిచ్చి, ఇంకో గ్లాసు నా ముందు పెట్టింది.

“కోటు అందిందండీ.”

“గట్టిగా కుట్టాను,” అన్నాను.

నా మొహంలోకి చూసింది. “మీరు మనసు పెట్టి కుడితే గట్టిగానే ఉంటుంది.”

ఆ వెటకారం! పోస్టు తాతగారు పక్కనే ఉన్నాడని కూడా చూడలేదు. కాస్త ముందు మెత్తబడిన గుండె మళ్ళీ రాయి అయింది. మంచిదే అయింది. లేకపోతే ఈపాటికి వెళ్ళి కోటు వెనక్కి అడిగేదాన్నేమో. ఆ నీళ్ళు తాగలేదు.

మే 28

మూడే రోజులు.

మే 30

అక్క పోయి రేపటికి ఏడాదీ నెల. ఆ రోజు ఆస్పత్రి నుంచి ఫోను వచ్చేసరికి మిషను ముందు కూర్చుని ఉన్నాను. గుడ్డ ఒళ్ళో ఉంది. ఎంతవరకు కుట్టానో... అంతా కుట్టేశాను. కుట్టకపోతే మడతపెట్టి ఎలా ఇస్తాను? మడతపెట్టింది నాకు గుర్తుంది.

మే 31, ఆదివారం

సాయంత్రం ఆరు. కోటు కుర్చీ వెనక తగిలించి ఉంది. అన్నీ రాస్తాను, ఒక్కటీ వదలను.

నాలుగింటికి మైదానం కిటకిటలాడింది. నేను బల్ల వదిలి వేదిక ముందుకి వెళ్ళి నిలబడ్డాను, మొదటి వరసలో. దగ్గరగా చూడాలని. మా ఆయన, అమ్మాయి కూడా వచ్చారు. వాళ్ళెందుకొచ్చారా అనుకున్నాను. ప్యాడమ్మ వేదిక మీద పక్కగా నిలబడింది, ప్యాడు గుండెకి ఆనించుకుని. పోస్టు తాతగారు మైకు ముందుకొచ్చి ఎడంచేత్తో కాగితం విప్పాడు.

“పద్దెనిమిదేళ్ళు మన నెత్తి మీద నీడ కుట్టిన మనిషి,” అన్నాడు. “ఈ ఏడాది మూల బల్ల దగ్గర కూర్చోబెట్టినా ఒక్క ఆదివారం మానని మనిషి. మన కుట్టమ్మ.”

ఊళ్ళో నన్ను అలాగే పిలుస్తారు.

అమ్మాయి వెనక నుంచి నన్ను తోసింది. మెట్లెక్కాను. ఎవరో కోటు విప్పి పట్టుకున్నారు. కుడిచెయ్యి దూర్చాను. జారిన భుజానికని నేను పెట్టిన మెత్త వచ్చి నా భుజం మీద కూర్చుంది, సరిగ్గా. నడుము ముప్పై ఎనిమిది, సరిగ్గా. వీపు గూని, చేతులు కురచ. ముప్పై అయిదేళ్ళు మిషను మీద వంగి కూర్చున్న ఒళ్ళు అది. ఊళ్ళో ప్రతివాళ్ళ కొలతలూ తీశాను కానీ, నా మీద నేను ఎప్పుడైనా టేపు పెట్టుకున్నానా?

“చేతులు! చేతులు!” జనం అరుస్తున్నారు.

నేను చేతులు ఒంటికి అతికించుకుని నిలబడ్డాను. ఊపిరి పీలిస్తే వీపు దగ్గర దారం గుంజుతోంది. రెండువేల మంది. మళ్ళీ కుట్టమ్మ కుట్టు ఊడిపోవడం చూస్తారు, ఈసారి నా వంటి మీదే.

“ఎంత వినయమో చూడండి!” అన్నాడు మైకులో ఎవరో. చప్పట్లు ఇంకా పెరిగాయి. నేను ఇంకా బిగుసుకుపోయాను.

అప్పుడు ప్యాడమ్మ వచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు, నన్ను గట్టిగా కావలించుకుంది. వీపు అతుకు సర్రుమని మెడ దగ్గర నుంచి నడుము దాకా విచ్చుకుంది. ఆ చప్పుడు నాకు వినపడింది, ఆవిడకి వినపడింది. ఆవిడ చెయ్యి లోపల నా చొక్కా మీద ఉంది.

ఆ చెయ్యి తియ్యకుండానే చెవిలో అంది. “పోయినేడాది కూడా ఇదే కుట్టు, కదే?”

నేను తల దించుకున్నాను.

“కదలకు,” అంది. నా వీపు వెనకే ఒక చేత్తో ప్యాడుకున్న క్లిప్పు ఊడబీకింది. కాగితాలన్నీ వేదిక మీద చెల్లాచెదురయ్యాయి. కోటు రెండు అంచులూ కలిపి క్లిప్పు వేసి, నా నడుం చుట్టూ చెయ్యి వేసి, జనానికి వీపు కనపడకుండా తిప్పి మెట్లు దింపింది. అందరూ చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

వేదిక వెనక ఖాళీ కుర్చీల దొంతర దగ్గర ఆపింది.

“ఇది నీకని కుట్టలేదుగా?”

“లేదు.”

“నాకని కుట్టావా?”

“అవును.”

కోటు నడుము దగ్గర రెండు చేతులతో పట్టుకుని సాగదీసి చూసింది. “ఏమే, నా నడుము ఇంత ఉంటుందనుకున్నావా?”

నాకు నవ్వు రాలేదు. ఆవిడకీ రాలేదు.

“ఆ గుడ్డ నీ దగ్గరే ఉంది,” అన్నాను. “పారేశామని అబద్ధమాడావు.”

“ఉంది. నాలుగు గజాలు ఉట్టి కచ్చాకుట్టు, తెల్లదారంతో. దాని మీద మిషను పెట్టలేదు నువ్వు. ఎవరి కంటా పడకూడదని బీరువాలో పెట్టి తాళంచెవి జేబులో వేసుకుని తిరుగుతున్నాను ఏడాదిగా. మైకులో కుట్టు ఊడిపోయిందన్నాను. కచ్చాకుట్టేసి ఇచ్చిందని అన్నానా?”

“మరి నన్ను మీరు అని ఎందుకన్నావు?”

“కోపమొచ్చి! నువ్వే వచ్చి చెప్తావనుకున్నాను. మీ అక్క పోయిన దుఃఖంలో ఉన్నావు, నేను కూడా ఫోన్లు చేసి చంపాను, సరే, ఇవాళ కాకపోతే రేపు వస్తుందని చూశాను. ఆ పెద్దాయన చెయ్యి విరిగిందే. నువ్వేమో వీధిలో నన్ను చూసి మొహం తిప్పుకున్నావు. నాకు మాత్రం కడుపు మండదా?”

“మండితే ఈ కోటు ఎందుకిచ్చావు?”

“నేనివ్వలేదు. కమిటీలో పధ్నాలుగు మంది చేతులెత్తారు. నేనెత్తలేదు.”

ఆ మాట నాకు చెంప మీద కొట్టినట్టే తగిలింది. అయినా అబద్ధం చెప్పనందుకు ఎక్కడో హాయిగా కూడా ఉంది.

“మరి వచ్చి కావలించుకున్నావు?”

ఆవిడ కిందికి చూసింది. క్లిప్పు లేని ప్యాడు చేతిలో ఉట్టి చెక్కలా ఉంది. “చేతులెత్తకుండా నిలబడ్డావు కదా. ఇన్నాళ్ళకి సిగ్గుపడ్డావనుకున్నాను.”

అని కాగితాలు ఏరుకోవడానికి వెళ్ళిపోయింది.

జూన్ 1

నేను ఆవిడని క్షమించను. ఏడాదిపాటు తెలిసీ నోరు మూసుకుంది. ముందే వచ్చి నా మొహాన చెప్పి ఉంటే...

చెప్పి ఉంటే ఒప్పుకునేదాన్నా? లేదు. ఆవిడే అల్లిందని అనేదాన్ని.

జూన్ 2

అమ్మాయి ఆకుపచ్చ గుడ్డ తెచ్చి మిషను పక్కన పెట్టింది. ప్యాడమ్మ ఇచ్చి పంపిందట. కొలతల కవరు ముందే తను రాసిచ్చిందని కూడా చెప్పింది. “నువ్వు పోల్చుకుంటావేమోనని భయపడ్డానమ్మా,” అంది. నాకు కోపం రాలేదు. మా ఆయన పేపరు వెనక దాక్కున్నది కూడా అందుకేనన్నమాట.

మధ్యాహ్నం దాకా గుడ్డ విప్పలేదు. తర్వాత విప్పాను.

నాలుగు గజాలు కాదు. నాలుగున్నర. తెల్లదారం. వేలెడంత కుట్లు, చివర ముడి కూడా లేదు. మిషను కుట్టు ఎక్కడ ఆగిందో అక్కడ సూది దిగిన గుర్తు ఉంది. అక్కడ ఫోను మోగింది. లేచాను. నాలుగో రోజు వచ్చి, మడతపెట్టి ఇచ్చేశాను.

నా చేతి కుట్టు నాకు తెలియదా? తెలుసు. మొదటిరోజు నుంచీ ఎక్కడో తెలుసు. అందుకే అన్నిసార్లు రాసుకున్నాను, రెండు వరసలని.

జూన్ 3

గుడ్డ చంకలో పెట్టుకుని పోస్టు తాతగారింటికి వెళ్ళాను. వరండాలో కూర్చుని రేడియో వింటున్నాడు. ముందే గుడ్డ ఆయన ఒళ్ళో పరిచేశాను, మాటలు పెట్టుకుంటే తప్పించుకుంటానని.

“తాతగారూ, ఇది నా తప్పు. గాలి కాదు, తాడు కాదు. కచ్చాకుట్టు మీద మిషను కుట్టు వేయడం మర్చిపోయాను. మీ చెయ్యి నా వల్లే విరిగింది. ఏడాది నుంచి ప్యాడమ్మ మీద తోస్తూ తిరిగాను.”

ఆయన రేడియో ఆపాడు. కళ్ళద్దాలు నెత్తి మీద నుంచి దించుకుని, ఎడంచేత్తో దారం కొస పట్టుకుని వెలుగులో పెట్టి చూశాడు.

“తెల్లగా ఉందని చెప్పానా లేదా?” అన్నాడు.

“చెప్పారు.”

“మరి?”

ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, వెళ్ళిపొమ్మని కూడా అనలేదు. కుడిచెయ్యి ఎత్తబోయి, భుజం దాకా రాక, దించేసుకుని, ఎడంచేత్తో నా తల మీద ఒక్కటి మొట్టాడు. గట్టిగానే మొట్టాడు. తర్వాత రేడియో పెట్టుకున్నాడు.

జూన్ 5

ప్యాడమ్మ వచ్చింది, గుమ్మంలోనే నిలబడి. “నా క్లిప్పు ఇచ్చేయ్.”

ఇచ్చాను. పోస్టు తాతగారికి చెప్పానన్నాను. తెలుసంది. లోపలికి రమ్మన్నాను, పని ఉందంది. వెళ్తూ వెళ్తూ, “వచ్చే ఏడు ఆ ప్లాస్టిక్ పట్టా వద్దంటున్నారు అందరూ,” అని, సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. వెనక నుంచి చూశాను. నడుము ముప్పై నాలుగు దాటదు. అంత సన్నగా ఎలా ఉంటుందో, చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కోటు మిషను మీద పెట్టాను. పసుపు దారం తీసి పక్కన పెట్టి, తెల్లదారం ఎక్కించాను. వీపు, రెండు చంకలు. చిన్న కుట్టు, గట్టి బిగువు, రెండు వరసలు. పసుపు మీద తెలుపు కొట్టొచ్చినట్టు కనపడుతోంది. కనపడనీ.

తొడుక్కుని అద్దం ముందు నిలబడి చేతులు రెండూ పైకెత్తి చూశాను. ఊడలేదు.